పోయేటప్పుడు ఒక్క మాట చెప్పిపోతే

మేడారం జాతరకు వారం ముందు మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ఎవరు రాశారో తెలియదు, ఎక్కడెక్కడో తిరిగి వచ్చింది. "జాతరకు పోయేవాళ్ళు జాగ్రత్త. మీరు ఇల్లు వదిలి పోతున్నట్టు ఎవరికీ చెప్పకండి. పక్కింటివాళ్ళకు కూడా చెప్పకండి. ఈ రోజుల్లో ఎవరినీ నమ్మేటట్టు లేదు" అని ఉంది. కింద వరసగా దండం బొమ్మలు, బొటనవేలి బొమ్మలు. హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు దాన్నే మళ్ళీ నాకు పంపి, "అక్కా, అమ్మవాళ్ళకు చదివి వినిపించు" అన్నాడు.

నేను వినిపించలేదు. పక్కింటి పెద్దవ్వకు చెప్పి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టి పొమ్మని అమ్మకు ఫోన్ చేశాను. తమ్ముడికి కోపం వచ్చింది. "మనింట్లో దొంగలు పడి మూడు నెలలు కూడా కాలేదు, నువ్వు తాళంచెవులు పంచిపెట్టమంటున్నవా" అన్నాడు. వాడికి ఫోన్‌లో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అప్పటి నుంచి మనసులో నలుగుతున్నది ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు వరంగల్‌కు ఉత్తరాన, పెద్ద రోడ్డు నుంచి మూడు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. పత్తి, వరి, కొంచెం మిరప. మొన్న నవంబరులో ఇరవై రోజుల్లో మూడిళ్ళలో దొంగతనాలు జరిగాయి. మూడూ పట్టపగలే, పొద్దున పదికీ మధ్యాహ్నం ఒంటిగంటకూ మధ్య. మూడోది మాది.

అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చి పోయింది. వరంగల్, హనుమకొండ కాలనీలు నీళ్ళలో మునగడం టీవీల్లో అందరూ చూశారు. చేన్లలో విచ్చిన పత్తి తడిసి రంగు మారడం మాలాంటి ఇళ్ళవాళ్ళు చూశారు. ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. కానీ తేమ 12 శాతం దాటితే కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ వాళ్ళు కొనరు. బాపు రెండు రోజులు వాకిట్లో ఆరబోసి చూసి, ఇక లాభం లేదని ఊళ్ళోనే కాంటా పెట్టిన వ్యాపారికి అమ్మేశాడు. సీసీఐకి అమ్మితే డబ్బు బ్యాంకు ఖాతాలో పడేది. వ్యాపారి నోట్లు చేతికిచ్చాడు. అరవై రెండు వేలు. ఎరువుల దుకాణం బాకీ కట్టాలని బీర్వాలో పెట్టాడు. ఆ డబ్బు మా ఇంట్లో ఉన్నది రెండు రోజులే.

నేను హనుమకొండ నుంచి బస్సు దిగి ఇంటికి పోయేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ముందుగా కనిపించింది తాళం. వేసిన తాళం వేసినట్టే ఉంది. దాన్ని తగిలించిన కొండీని గడ్డపారతో పెకలించారు. కొండీతో పాటు దర్వాజ చెక్క పేలికలుగా లేచి వచ్చింది. గొళ్ళానికి ఆ తాళం అలాగే వేలాడుతోంది. అమ్మ దాన్ని కొంగుతో పట్టుకుని నిలబడి ఉంది. వేలిముద్రలు చెరిగిపోతాయి, ముట్టుకోవద్దని ఎవరో అన్నారట, అందుకని కొంగుతో. అప్పటికే ఊరంతా దాన్ని ముట్టుకున్నారు.

లోపల బియ్యం డబ్బా బోర్లించారు. పసుపు డబ్బా, కారం డబ్బా మూతలు తీసి చేయి పెట్టి కెలికారు. బొంతలు విప్పారు. దేవుడి పటాల వెనక చూశారు. మా ఊళ్ళో ఆడవాళ్ళు డబ్బు దాచుకునే చోట్లు ఒక్కటి కూడా వాళ్ళు వదల్లేదు. డబ్బుతో పాటు అమ్మ రెండు తులాల గొలుసు, కమ్మలు, తమ్ముడి కొడుకుకు పెట్టిన ఉంగరం పోయాయి. సాయంత్రం క్లూస్ టీం వచ్చి బీర్వా మీద నల్లటి పొడి చల్లి చూసుకుని వెళ్ళింది. ఆ పొడిని అమ్మ పదిరోజుల దాకా తుడవలేదు. తుడిస్తే కేసు పోతుందని ఆమె భయం.

ఆ రాత్రి పక్కింటి పెద్దవ్వ వచ్చింది. డెబ్బై అయిదు దాటిన మనిషి, రోజంతా అరుగు మీదే ఉంటుంది. గడప బయటే కూలబడి కళ్ళు ఒత్తుకుంటూ చెప్పింది.

"చూసిన బిడ్డా. పల్లికాయ ఒలుసుకుంట చూసిన. ఇద్దరు పోరగాండ్లు, నెత్తికి హెల్మెట్లు, మంచి బట్టలే. బండి మీ గేటు లోపటికే తోలుకపోయిండ్రు. ఫైనాన్సోళ్ళో, మీ చుట్టాలో అనుకున్న. మీ అమ్మ ఇంట్లనే ఉన్నదనుకున్న."

కాసేపు ఆగి అమ్మ వైపు చూడకుండానే అంది: "పొద్దుగాల పోయేటప్పుడు, చేను కాడికి పోతున్నం అవ్వా అని ఒక్క మాట చెప్పిపోతే నేను అడగకపోదునా? లొల్లి చెయ్యకపోదునా?"

అమ్మ చెప్పలేదు. ఆగస్టులో మోరి నీళ్ళ దగ్గర మాటా మాటా పెరిగి, అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మూడు నెలలుగా అమ్మ ఆ అరుగు ముందు నుంచే తల తిప్పుకుని చేనికి పోయి వస్తోంది.

నా మాటకు మొదలు ఇదే. మా ఇల్లు కొల్లగొడుతుంటే చూసిన కళ్ళు ఉన్నాయి, పది అడుగుల దూరంలోనే ఉన్నాయి. ఆమెకు తెలియంది ఒక్కటే, ఇంట్లో ఎవరూ లేరని. ఇంత జరిగాక కూడా మా ఊరు నేర్చుకుంటున్నది, ఎవరు ఎక్కడికి పోతున్నదీ ఒకరికొకరు చెప్పుకోవద్దని! ఇది తప్పు అని గట్టిగా చెప్పాలనే ఈ వ్యాసం.

పగటి పూట ఊళ్ళో ఎవరుంటున్నారు

ఎఫ్ఐఆర్ కాపీలో భారతీయ న్యాయ సంహిత 331(3), 305 సెక్షన్లు రాశారు. అవేంటో తెలుసుకుందామని చదివాను. దొంగతనం కోసం పగటిపూట ఇంటి తాళం పగలగొట్టి చొరబడితే పదేళ్ళ దాకా జైలు. అదే పని పొద్దు గూకిన తర్వాత, తెల్లవారకముందు చేస్తే పద్నాలుగేళ్ళ దాకా. పాత ఐపీసీలో 454, 457 సెక్షన్లలో ఉన్న తేడానే 2024 జులైలో వచ్చిన కొత్త చట్టంలోకీ తెచ్చారు. రాత్రి ఇంట్లో మనుషులు పడుకుని ఉంటారు, వాళ్ళ ప్రాణానికి ముప్పు, అందుకని ఆ శిక్ష ఎక్కువ. అది సబబే. అయితే ఆ లెక్క వెనక ఇంకో నమ్మకం కూడా ఉందని నాకు అనిపించింది. పగలు నలుగురూ మెలకువగా ఉంటారు, దొంగకు అంత ధైర్యం ఉండదు అని.

మా ఊళ్ళో ఇప్పుడది తలకిందులైంది. రాత్రి ఎనిమిదికల్లా ఊరంతా ఇళ్ళకు చేరుతుంది. కుక్కలుంటాయి, వీధి లైట్లుంటాయి, పక్కింట్లో టీవీ వినిపిస్తుంది. పొద్దున ఎనిమిదిన్నరకు కైకిలోళ్ళ ఆటోలు వెళ్ళిపోతాయి. తొమ్మిదికి ప్రైవేటు స్కూళ్ళ బస్సులు పిల్లలను ఎత్తుకుపోతాయి. పత్తి ఏరే రోజుల్లో పెద్దవాళ్ళు ఇళ్ళలో ఉండరు. మిరప ఏరే ఫిబ్రవరి, మార్చిలోనూ అంతే. ఎండాకాలం పొద్దున పూట ఉపాధి హామీ పని. చదువుకున్నవాళ్ళం మాలాగా హనుమకొండలోనో హైదరాబాద్‌లోనో ఉంటాం. పదకొండు గంటలకు మా వీధిలో నడిస్తే పద్నాలుగు ఇళ్ళలో పదింటికి తాళాలే. మిగిలిన నాలుగిళ్ళలో ముసలివాళ్ళు.

మా నాయనమ్మ కాలంలోనూ ఊరంతా చేనికే పోయేది కదా అని బాపు అన్నాడు. నిజమే, కానీ అప్పుడు ఒక్కో ఇంట్లో పది మంది. బాలింతో, జ్వరంవాళ్ళో, చంటిపిల్లను ఆడించే ముసలమ్మో ఎవరో ఒకరు ఇంట్లో మిగిలేవాళ్ళు. ఇంకొకటి, ఇంటి సంపద అప్పుడు గరిసెలో ధాన్యం, కొట్టంలో పశువులు. వాటిని బండి మీద పెట్టుకుని పది నిమిషాల్లో మాయం కాలేరు. అమ్మ, బాపుల పెళ్ళి 1982లో జరిగింది, అప్పుడు తులం బంగారం రెండు వేలు కూడా లేదు. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల ధర లక్ష దాటింది. ఏడాది పంట డబ్బు కంటే ఎక్కువ విలువ ఇప్పుడు చొక్కా జేబులో పడుతుంది.

బ్యాంకు లాకర్‌లో పెట్టుకోవచ్చు కదా అని నన్ను చాలామంది అడిగారు. అమ్మ దగ్గర దానికి ఒకటే జవాబు: "రాయపర్తిల బ్యాంకే పాయె." 2024 నవంబరులో వరంగల్ జిల్లా రాయపర్తిలో బ్యాంకుకు కన్నం వేసి, జనం తాకట్టు పెట్టిన బంగారం దాదాపు 19 కిలోలు ఎత్తుకుపోయారు. ఆ వార్త మా అమ్మ వయసు ఆడవాళ్ళలో ఎంత లోతుకు దిగిందో నాకు ఈ మూడు నెలల్లో తెలిసింది. బ్యాంకు తప్పు వల్ల లాకర్‌లోని సొమ్ము పోతే ఏడాది అద్దెకు వంద రెట్ల దాకా బ్యాంకు కట్టాలని రిజర్వు బ్యాంకు రూలు 2022 నుంచి ఉందని చెప్పాను. "వంద రెట్లంటే నా గొలుసు వస్తదా" అంది. అయినా లాకరే మేలని నా అభిప్రాయం, ఈసారి చేయిస్తే లాకర్‌లోనే పెట్టిస్తాను. కానీ ఒంటి మీది బంగారం, పంట డబ్బు, పాస్‌బుక్కులు, ఇల్లంతా తీసుకుపోయి లాకర్‌లో పెట్టలేం.

ఊరికి కావలి ఉండాలని మీటింగులో ఒక పెద్దాయన అన్నాడు. సుంకరి, మస్కూరి అనే ఊరి కావలివాళ్ళు ఉన్న రోజుల్లో చీమ చిటుక్కుమన్నా తెలిసేదట. ఆ మాటకు నేను తల ఊపలేను. ఆ కావలి వెట్టి మీద నడిచింది. ఒక్క వాడ వాళ్ళనే తరతరాలుగా పగలూ రాత్రీ ఊరికి కాపలా పెట్టి గింజలు కొలిచిన రోజులవి. తర్వాత వీఆర్ఏలు (గ్రామ రెవెన్యూ సహాయకులు) వచ్చారు, 2023లో వాళ్ళనూ వేరే శాఖల్లో సర్దారు. అదంతా మళ్ళీ రావాలని నేను కోరుకోను. ఒకరి ఇంటి మీద ఇంకొకరు కన్నేసి ఉంచడానికి కింద ఎవరినో నిలబెట్టాల్సిన పని లేదు.

బోర్డు పెట్టిన రోజు

మా ఇంట్లో దొంగతనం జరిగిన మూడో రోజు పంచాయతీ ఆఫీసు ముందు మీటింగ్ పెట్టారు. అప్పటికి ఊరికి సర్పంచ్ లేడు. 2024 ఫిబ్రవరిలో పాత పాలకవర్గాల గడువు తీరితే 2025 డిసెంబరులో కదా ఎన్నికలు జరిగింది. మధ్యలో అంతా స్పెషల్ ఆఫీసర్లే. పెద్దగా నిలబడి మాట్లాడే మనిషి లేక, ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ మాట నెగ్గింది. రెండు తీర్మానాలు చేశారు. ఇంటికి ఇంత అని వేసుకుని కెమెరాలు పెట్టాలి. ఊరి మొదట్లో "బయటి వ్యక్తులు, అమ్ముకునేవారు ఊళ్ళోకి రావద్దు" అని బోర్డు పెట్టాలి.

బోర్డు మర్నాడే లేచింది. నాలుగో రోజు దానికి మొదటి మనిషి చిక్కాడు. పాత చీరలు తీసుకుని స్టీలు సామాన్లు ఇచ్చే ఆయన. పాత మోపెడ్, వెనక తాళ్ళతో కట్టిన బుట్ట, బుట్టలో గిన్నెలు, డబ్బాలు. కుర్రాళ్ళు అయిదారుగురు బస్టాపు దగ్గర ఆపి, ఆధార్ కార్డు తీయించి, మనిషినీ కార్డునూ కలిపి ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. "వీడిని గుర్తు పెట్టుకోండి" అని రాశారు. ఆ రోజు ఆదివారం, నేను ఇంట్లోనే ఉన్నాను. ఫోన్‌లో ఆ ఫొటో చూపిస్తే అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాపుకు నడిచింది, నేను వెనకాలే.

"ఈయన పదేండ్ల సంది వస్తున్నడు. మీ అమ్మకు అడుగు, మీ ఇంట్ల బియ్యం డబ్బా ఎవలిచ్చిండ్రో" అని అమ్మ వాళ్ళలో ఒకడిని చేయి పట్టి గుంజింది. కుర్రాళ్ళు తగ్గారు. కార్డు ఇచ్చేశారు. ఫొటో మాత్రం గ్రూపులో అలాగే ఉండిపోయింది, అక్కడి నుంచి ఇంకెన్ని గ్రూపులకు పోయిందో తెలియదు.

ఆయన చేతులు వణుకుతున్నాయి. మా వాకిట్లో కూర్చోబెట్టి నీళ్ళిచ్చాం. నీళ్ళు తాగి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే చెప్పాడు. మా ఇంట్లో దొంగతనానికి రెండు రోజుల ముందు, పక్క ఊరి చెరువు కట్ట మీద చింతచెట్టు కింద ఇద్దరు కుర్రాళ్ళు బండి ఆపుకుని కూర్చుని ఉండగా చూశాడట. నల్ల బండి, రెండు హెల్మెట్లు. తాను ఊళ్ళోకి పోయి రెండు వీధులు తిరిగి వచ్చినా వాళ్ళు అక్కడే ఉన్నారట. "పని లేకుంట గంటసేపు అట్ల ఎవలు కూసుంటరమ్మా" అన్నాడు. పెద్దవ్వ చూసిన ఇద్దరికీ వీళ్ళకీ పోలిక సరిపోయింది. బాపు ఆ సంగతి స్టేషన్‌లో చెప్పాడు, రాసుకున్నారు. కేసు ఇంకా నడుస్తోంది.

ఆ కుర్రాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, వాళ్ళ ఇళ్ళలోనూ పోయాయి. కానీ వాళ్ళు ఆపింది ఎవరిని? ఆ నెలరోజుల్లో మా ఊళ్ళోకి హెల్మెట్ పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బండి మీద వచ్చినవాళ్ళు వందల్లో ఉంటారు. ఫైనాన్సు కిస్తీలవాళ్ళు, పార్సిళ్ళవాళ్ళు, సర్వేలవాళ్ళు, సోలార్ కంపెనీలవాళ్ళు. ఒక్కరినీ ఆపలేదు. మాసిన బట్టలతో బుట్ట పెట్టుకుని వచ్చినవాడిని ఆపారు. నిజంగా దొంగలు వచ్చిన వేషాన్ని మాత్రం పెద్దవ్వతో సహా అందరం చుట్టాలనుకుని పోనిచ్చాం.

ఇది మన దగ్గర పాత జబ్బు. 1871లో తెల్లవాళ్ళు ఒక చట్టం చేసి కొన్ని కులాలకు కులాలనే పుట్టు దొంగలని రాసి పెట్టారు. 1952లో దాన్ని కొట్టేశారు. డెబ్బై ఏళ్ళు దాటినా, సంచారం చేసి బతికేవాళ్ళు ఊళ్ళోకి వస్తే మన చూపు ఇంకా ఆ చట్టం చూపే. 2018 మేలో పార్థీ అనే సంచార తెగ గ్యాంగులు దిగాయి, పిల్లలను ఎత్తుకుపోతున్నారు అని ఇవే ఫోన్లలో పుకార్లు తిరిగి, తెలంగాణలో అమాయకులను కొట్టారు, ప్రాణాలు కూడా పోయాయి. అప్పుడు గద్వాల వైపు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికో పోలీసును అప్పగించి, డప్పులతో, పాటలతో పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. ఊరికి తెలిసిన ఒక ముఖం చెబితే ఫోన్‌లో వచ్చిన మాట నిలబడలేదు. ఆ సంగతి ఈ మధ్య నాకు మాటిమాటికీ గుర్తొస్తోంది.

చట్టం ప్రకారం కూడా మామూలు మనిషి ఇంకొకరిని పట్టుకోగలిగేది తన కళ్ళముందు పెద్ద నేరం జరిగినప్పుడో, కోర్టు ప్రకటించిన నేరస్థుడు దొరికినప్పుడో మాత్రమే. అప్పుడైనా ఆలస్యం చేయకుండా, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. మోపెడ్ మీద గిన్నెలు అమ్ముకోవడం నేరం కాదు. ఇది కుర్రాళ్ళకు కూర్చోబెట్టి చెప్పాను. ఇద్దరు విన్నారు.

కెమెరాల గురించి ఎక్కువ చెప్పను. డిసెంబరు ఎన్నికల్లో పోటీ చేసిన ప్రతి ఒక్కరూ వాటి గురించే మాట ఇచ్చారు, జనవరిలో నాలుగు వచ్చాయి కూడా. మంచిదే. దొంగలు ఏ దారిన పోయారో తర్వాత వెతకడానికి పనికొస్తాయి. కానీ నవంబరులో మా గేటు ముందు కెమెరా ఉండి ఉంటే, అది రెండు హెల్మెట్లను చూసేది. పెద్దవ్వ కూడా చూసింది. "ఎవలు బిడ్డా మీరు, ఆ ఇంట్ల ఎవలు లేరు" అని అడగగలిగేది ఆ ఇద్దరిలో పెద్దవ్వ ఒక్కతే.

నాకున్న అనుమానాలు

తమ్ముడి వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు. ఇంటి గుట్టు తెలిసినవాళ్ళే దొంగలైన సంఘటనలు అందరం విన్నాం. మా ఊళ్ళో జరిగిన మొదటి దొంగతనం కూడా అలాంటిదేమోనని ఊరు అనుకుంది, ఎందుకంటే అక్కడ తాళం పగలలేదు. తాళంచెవి స్నానాల గది గోడ గూట్లో పెట్టిపోయారు, దాంతోనే తలుపు తీశారు. ఊళ్ళోవాడి పనే అన్నారు. నాకు అలా అనిపించడం లేదు. మా వైపు ఇళ్ళలో తాళంచెవులు ఉండే చోట్లు నాలుగే: దర్వాజ మీద, పూలకుండీ కింద, కిటికీ చువ్వ వెనక, స్నానాల గది గూట్లో. ఏ ఊరి దొంగకైనా తెలుస్తాయి. చెవిని చోటుకు అప్పగించడం వేరు, మనిషి చేతికి ఇవ్వడం వేరు. గూడు ఎవరికైనా ఇస్తుంది. అయినా, నమ్మిన మనిషే మోసం చేస్తే? చేయొచ్చు. ఒకరికి చెప్పినప్పుడు ఆ ఒక్కరు మోసం చేసే ప్రమాదం ఉంటుంది. ఎవరికీ చెప్పనప్పుడు, దారిన పోయే ప్రతివాడికీ నా ఇల్లు ఖాళీ ఇల్లే. నేను మొదటిదాన్ని ఎంచుకుంటాను. పండగలకు ముందు పోలీసులు చెప్పేది కూడా అదే కదా, నమ్మకమైన ఇరుగుపొరుగుకూ స్టేషన్‌కూ చెప్పి వెళ్ళమని.

రెండో అనుమానం పెద్దవ్వ గురించే. ఆమె అడిగి ఉంటే వాళ్ళు ఊరుకునేవాళ్ళా? చేతిలో గడ్డపార ఉన్నవాళ్ళు. ఆమె మెడలో పుస్తెల తాడు కూడా లేదు, ఉన్నది ఒంట్లో ప్రాణమొక్కటే. మా మూడు తులాల కోసం ఆమె మీద దెబ్బ పడి ఉంటే నేను ఈ రోజు ఏం రాసేదాన్ని? ఈ ఆలోచన వచ్చిన రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే మేం పెద్దవ్వకు చెప్పిందల్లా, దగ్గరికి పోవద్దు, అడగొద్దు, అరుగు మీద నుంచే ఫోన్ చెయ్యమని. ఆమెది బటన్ల ఫోన్, అంకెలు సరిగ్గా కనబడవు. రెండు అంకె ఒత్తి పడితే అమ్మకు, మూడు ఒత్తి పడితే నాకు పోయేటట్టు పెట్టాను. రెండు మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క, మూడు మీద రెండు చుక్కలు. వారం రోజులు రోజూ నేర్పాను. నేర్చుకుంది.

మూడోది నాలో నాకున్న పేచీ. "ఏడికి పోతున్నవ్? ఎప్పుడొస్తవ్?" అనే ప్రశ్న వింటూనే నేను పెరిగాను. ఊళ్ళో ఆడపిల్ల ఎక్కడికి పోయినా ప్రతి అరుగుకూ జవాబు చెప్పాలి. డిగ్రీ రెండో ఏడాదిలో నేను మా క్లాసు అబ్బాయితో కలిసి బస్సు దిగానని అమ్మకు చేరవేసింది ఈ పెద్దవ్వే. ఆ అబ్బాయి నా నోట్సు తిరిగి ఇవ్వడానికి వచ్చాడు, అంతే. నెలరోజులు నా చదువు ఆగినంత పనైంది. ఆ కళ్ళ నుంచి తప్పించుకోవాలనే నేను హనుమకొండలో హాస్టల్ వెతుక్కున్నాను. ఇప్పుడు అవే కళ్ళను నా తల్లిదండ్రుల ఇంటికి కాపలా పెట్టమంటున్నాను. నాకిది సులువుగా మింగుడుపడలేదు.

చాలా రోజులు ఆలోచించాను. నేను భరించలేనిది నా మీద నిఘా. అడగకుండానే నా రాకపోకలు లెక్కపెట్టడం, ఆ లెక్క నా వెనక ఇంకొకరికి చెప్పడం. అమ్మ తనంతట తను వెళ్ళి, చేనికి పోతున్నాం, సాయంత్రం అయిదుకు వస్తాం అని చెప్పడంలో ఎవరికి ఎంత చెప్పాలో అమ్మే నిర్ణయించుకుంటుంది. ఊరందరికీ చెప్పనక్కర్లేదు, ఎందుకు పోతున్నదీ చెప్పనక్కర్లేదు. ఆ రెండూ ఒకటి కావని నాకు ఇప్పుడు గట్టిగానే అనిపిస్తోంది. కానీ ఊళ్ళో ఉన్న పద్దెనిమిదేళ్ళ అమ్మాయిని అడిగితే ఒప్పుకుంటుందా? అరుగు మీది కన్ను ఇంటి తాళం దగ్గర ఆగదని ఆమె అంటే నా దగ్గర పూర్తి జవాబు లేదు. కనీసం పెద్దవ్వతో ఆ పాత సంగతి ఎత్తాను. ఆమెకు గుర్తు కూడా లేదు. "గట్లన్ననా బిడ్డా? తప్పే" అంది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ మాట విని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

జాతర నాలుగు రోజులు

జనవరి 28 నుంచి 31 దాకా మేడారం. మా వీధిలో జాతరకు పోని ఇల్లు లేదు. మామూలుగా అయితే అందరూ ఒకే ట్రాక్టర్ల వరసలో కదులుతారు, నాలుగు రోజులు వీధంతా తాళాలే. ఈసారి అమ్మ, పెద్దవ్వ కోడలు, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారు. ఏడిళ్ళు ముందు పోయి సారలమ్మ, సమ్మక్క గద్దెల మీదికి వచ్చాక మొక్కి తిరిగి రావాలి, వాళ్ళు రాగానే మిగతా ఏడిళ్ళు, తల్లులు తిరిగి అడవిలోకి పోయే వనప్రవేశం లోపు పోయి రావాలి. మగవాళ్ళు మొదట గొణిగారు, ట్రాక్టర్ కిరాయి రెండు సార్లు అవుతుందని. మా బాపు కూడా. అమ్మ ఆయన వైపు తిరిగి "అరవై రెండు వేలు పోలేదా" అంది. తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

అమ్మవాళ్ళు మొదటి జట్టు. పోయేముందు అమ్మ తాళంచెవి తీసుకెళ్ళి పెద్దవ్వ కొంగుకు తనే ముడేసింది. మోరి గొడవ తర్వాత ఆమె ఆ అరుగు ఎక్కడం అదే మొదటిసారి. ఇద్దరూ పెద్దగా ఏం మాట్లాడుకోలేదు. నిలువెత్తు బంగారం (మేడారంలో బెల్లాన్నే బంగారం అంటారు) ఇస్తానని అమ్మ మొక్కుకుంది, బెల్లం దిమ్మెలు ముందు రోజే వచ్చాయి. "ఇంట్ల బంగారం పోయినా తల్లి బంగారం ఆగొద్దు" అని బుట్టలో సర్దుకుంది. నాలుగు రోజుల్లో పెద్దవ్వ నాకు మూడుసార్లు ఫోన్ చేసింది. ఒకసారి కరెంటు బిల్లు కొట్టే ఆయన, ఒకసారి మా మేనమామ కొడుకు, ఒకసారి ఊరికే, ఎర్ర చుక్కలు సరిగ్గా ఒత్తుతున్నానా లేదా చూసుకోవడానికి.

మా వీధిలో జాతర రోజుల్లో ఏమీ పోలేదు. దొంగలు ఆ రోజుల్లో మా ఊరి వైపు రాలేదేమో, దాన్ని నేను రుజువుగా చూపించను. తమ్ముడు కూడా అదే అన్నాడు. కానీ పోయిన ఆదివారం వాడు ఫోన్ చేసి, ఉప్పల్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో ఎదురింటివాళ్ళ పేరేంటో తనకు ఇప్పటిదాకా తెలియదని, ఆ రోజే వెళ్ళి అడిగానని చెప్పాడు.

స్టీలు సామాన్ల ఆయన మాత్రం నవంబరు తర్వాత మా ఊరికి రాలేదు. సంక్రాంతికి తప్పకుండా వచ్చేవాడు. ఊరి మొదట్లో ఆ బోర్డు ఇంకా ఉంది, తీయించమని కొత్త సర్పంచ్‌కు బాపు రెండుసార్లు చెప్పాడు. అమ్మ ఆయన కోసం నాలుగు పాత చీరలు, బాపు ధోవతి ఒకటి మూట కట్టి బీర్వా పక్కన పెట్టింది. మొన్న వెళ్ళినప్పుడు వేరే ఎవరికైనా ఇచ్చేయొచ్చు కదా అన్నాను. "రానీ, చూద్దాం" అని మూటను ఇంకొంచెం గోడ వైపు జరిపింది.